పద్నాలుగు వందల సార్లు

ఆవిడ ఇస్త్రీ చేస్తూనే సర్వే అమ్మాయిని కూర్చోమంది. భర్త చొక్కా కాలరు మీద పెట్టె అటూ ఇటూ తిరుగుతోంది.

అమ్మాయి వచ్చిన పని చెప్పింది. దక్షిణ అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడొకడు ఆట మానేసి పదకొండేళ్లయింది. జనం అతన్ని ఇంకా ఎంత తలుచుకుంటున్నారో ఒక టీవీ ఛానల్ లెక్క తీయిస్తోంది. ఎవరూ చూడని పాత వీడియోలను వచ్చే నెల చెరిపేస్తారు. అతను ఒకప్పుడు ఈ ఊరికొచ్చి ఆడిన మ్యాచ్‌ను ఏడాదిలో పదహారు వందల సార్లు చూశారు. అందులో పద్నాలుగు వందలు ఈ ఇంటి నుంచే.

పేపరు చదువుతున్న భర్త ఫక్కున నవ్వాడు.

"మా ఆవిడా? బంతి ఎటు పోతోందో కూడా తెలీదమ్మా ఈవిడకి. మీ మెషీనేదో తప్పు చెప్తోంది."

"చూస్తాను," అందావిడ నెమ్మదిగా. "మీరు ఆఫీసుకెళ్లాక."

ఇలాంటి అంకెల్లో సగం దొంగలెక్కలేనని, చూసేది అభిమాని కాదని తేలితే ఆ పద్నాలుగు వందలూ లెక్కలోంచి కొట్టేస్తారని, అప్పుడిక వీడియో ఉండదని అమ్మాయి ఇబ్బందిపడుతూనే చెప్పింది.

ఇస్త్రీ పెట్టె ఆగింది.

"ఇంకెక్కడా దొరకదా అమ్మా?"

"దొరకదండీ. నాలుగు ప్రశ్నలే, చెప్పేయండి. ఆయన జెర్సీ నంబరెంత?"

ఆవిడ ఆలోచించింది. తెలియలేదు.

"పోనీ, గోలు ఏ కాలితో కొట్టాడు?"

"నేను చూడలేదమ్మా."

"పద్నాలుగు వందల సార్లు చూసి కూడానా?" అన్నాడు భర్త. "అసలు ఆయనకి కాళ్లున్నాయో లేదో చూశావా?"

ఆవిడ నవ్వలేదు. తనకు తెలిసినదంతా గబగబా చెప్పింది. ఆయనకు బంతి అందగానే గ్యాలరీలో అందరూ లేస్తారట. రెండో వరసలో ఒక పెద్దాయన కాఫీ ఒలకబోసుకుంటాడట. ఆయన వెనకావిడ గొడుగు మూసేస్తుందట.

అమ్మాయి నిట్టూర్చి, 'అభిమాని కాదు' అన్నచోట టిక్కు పెట్టబోయింది.

"ఒక్కసారి చూపించనా?"

ఆవిడ ఫోను తెచ్చి వీడియో పెట్టింది. ఆటగాడు బంతితో దూసుకొస్తున్నాడు. గోలు పడకముందే ఆపేసి, తెర పైమూల వేలితో చూపించింది.

అమ్మాయి వంగి చూసింది. ఆవిడ ముఖం వంక చూసి, మళ్లీ తెర వంక చూసింది. తర్వాత కాగితంలో 'వీరాభిమాని' అన్నచోట, కింది కాగితం మీద అచ్చు పడేంత గట్టిగా టిక్కు పెట్టింది.

"ఏముందక్కడ అంత?" అంటూ భర్త లేచి వచ్చాడు. కళ్లజోడు సర్దుకుని ఫోను మీదికి వంగాడు. చెప్పులైనా వేసుకోకుండా ఇంట్లోంచి బయటికి నడిచాడు.

ఆ మూలన చేతులెత్తి నవ్వుతున్నది, చనిపోయిన తమ కూతురు.