బొంబాయి ఆయిలు

గంగుబాయి వానలో తడుస్తూ పటేల్ వాకిట్లో నిలబడింది. కోడలికి నొప్పులు; బోధన్ ఆస్పత్రికి తీసుకుపోవడానికి కారు కావాలి.

రాజేశ్వర్ పటేల్ పనివాడు తెచ్చిన గేరాయిల్ డబ్బా వాసన చూసి ముక్కు చిట్లించాడు.

"గిది లారీలకు పోసేది. నా కారుకు ఒక చక్రం బురదల జారితే రెండోది గుంజుతది. దాని ఎన్క గేరుకు బొంబాయి ఆయిలే పొయ్యాలె. గది వచ్చేదాంక కారు తియ్య. ఎడ్లబండిల తీస్కపోవే!"

బురదను జయించే ఆ మహా వాహనం షెడ్డులో పొడిగా నిలబడింది. బండి బోధన్ చేరేలోపే కోడలి ప్రాణం పోయింది.

వానలు తగ్గకముందే సర్పంచి ఎన్నికలొచ్చాయి. అదే బురదలోంచి కారు దూసుకొచ్చి గంగుబాయి గుడిసె ముందు ఆగింది. ఓటు అడగడానికి పటేల్ దిగాడు.

"బొంబాయి ఆయిలొచ్చిందా, పటేలా?" అంది గంగుబాయి.

"ఏం ఆయిలవ్వా?" అన్నాడు పటేల్, నవ్వుతూ దండం పెట్టి.