‘కాదు’ వదిలేస్తే

మా కోడలిది ఇంటి నుంచే ఆసుపత్రి కంప్యూటరు కోసం మాటలు సర్దే పని. ఒక్క సంగతికి జనం పది మాటలు వాడతారు. వాటన్నిటినీ ఒక్క అర్థం కిందికి చేర్చాలి.

ఆ రోజు డాక్టరుకు చూపించుకుని వచ్చింది, రాగానే పనిలో కూర్చుంది.

“మామయ్యా, గర్భానికి ఇంకేమంటారు?”

“నెల తప్పింది, నీళ్ళోసుకుంది. ఒట్టి మనిషి కాదు అని కూడా అంటారమ్మా. మీ అత్తయ్య నీ గురించి వీధంతా అలాగే చాటిందిగా!”

నవ్వలేదు. టైపు చేసింది. కంప్యూటరు ‘కాదు’ను వదిలేసి, ‘ఒట్టి మనిషి’కి అర్థమేమిటని అడిగింది.

“దానికి అర్థమేముంది, కొట్టెయ్యమ్మా,” అన్నాను.

ఆమె చెయ్యి కదల్లేదు.

“నిలవలేదు మామయ్యా. నేనిప్పుడు ఒట్టి మనిషినే. అత్తయ్యకి మీరే చెప్పాలి.”