నిమ్మకాయ రాలిన ఆటో

ముహూర్తానికి ఇంకో ఇరవై నిమిషాలుందనగా కొమురయ్య ఆటో నడిరోడ్డు మీద ఆగిపోయింది.

"ఒక భాగం తగ్గింది. నేనిప్పుడు ఆటోను కాను," అంది గంభీరంగా.

కొమురయ్య దిగి చూశాడు. ముందు కట్టిన దిష్టి నిమ్మకాయ ఎక్కడో రాలిపోయింది. తమ భాగాలు తామే లెక్కపెట్టుకునే బళ్లు వచ్చాక, పూజ చేయించి కట్టినవాటిని కూడా అవి తమలో కలిపేసుకుంటున్నాయి.

"టైర్లు మార్చిన, ఇంజనే మార్చిన, అప్పుడు నోరు మెదపలే. నిమ్మకాయ లేకుంటే ఆటోవే కాకుండ పోయినవా?"

"అవి మారాయి. ఇది లేనే లేదు."

వెనక సీట్లోని పురోహితుడు నరహరి అవధాని కంగారుగా గడియారం చూసుకున్నాడు. "నేను లేకపోతే అక్కడ పెళ్లాగిపోతుందయ్యా! దాంతో నీకు తర్కమేమిటి? మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టుకోమను!"

కొమురయ్య బయట నిలబడే లెక్క మీట నొక్కాడు. ఆటో అప్పుడు తనలో ఉన్నవన్నీ కొత్తగా లెక్కపెట్టుకుంది. అతను ఎక్కగానే రివ్వున దూసుకుపోయింది.

కల్యాణ మండపం దగ్గర ఆగింది గానీ వెనక తలుపు తెరవలేదు.

"అవధాని గారు నా భాగం. ఆయన దిగితే నేను ఆటోను కాను."

"మీరు లోపల కూసోనే లెక్కపెట్టమంటిరి గద అయ్యగారూ!" అని నెత్తి గోక్కుని, కొమురయ్య ఆటోను తిన్నగా మండపంలోకే తోలాడు. అవధాని కిటికీలోంచే మంత్రాలు చదివాడు. సరిగ్గా ముహూర్తానికి వరుడు తాళి కట్టాడు. మూడొందల మంది చల్లిన అక్షతల్లో సగం ఆటోలోనే పడ్డాయి.

"కొత్త భాగాలు వచ్చాయి," అంది ఆటో సంబరంగా. "లెక్క పూర్తయ్యేదాకా కదలను. ఒకటి... రెండు..."