వేళ్ళతో సహా

"ఆ క్రోటన్ మొక్క మీద చెయ్యి వేశావంటే, ఆ చెయ్యి విరిచి నీకే ఇస్తాను!"

బుల్‌డోజర్ మోతను మించిపోయింది వెర్లిన్ టీచర్ కేక. ఆస్బర్న్ చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. హోటల్ కంపెనీ సూపర్‌వైజర్ హోదాలో, ఇరవై ఏళ్ళకి నిన్ననే కింగ్‌స్టన్ నుంచి సొంతూరు వచ్చాడు. తన దగ్గర చదువుకున్నవాడే కంచె దాటి ఇలా మీదికొచ్చేసరికి వెర్లిన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. బొబ్బలెక్కిన చేతుల్ని కొంగు లాంటి ఏప్రన్ కింద దాచుకుంది.

"కోప్పడకండి టీచర్. రోడ్డు ఇటే పడుతోంది. మీకేమో కాగితాల్లేవు. ఇక్కడున్నదంతా 'ఎరాడికేట్' చెయ్యమని ఆర్డరు."

"ఆ మాటకి అర్థం తెలుసా నీకు?"

"అంటే... తీసెయ్యడం."

"నీ మొహం! వేళ్ళతో సహా పెకలించడం. లాటిన్‌లో వేరుని 'రాడిక్స్' అంటారు. అందులోంచి పుట్టింది. నువ్వు తినే ర్యాడిష్‌కీ ఆ పేరు అక్కణ్ణుంచే వచ్చింది. పాఠం చెబుతుంటే గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నావుగా! బానిస సంకెళ్ళు తెగాక మావాళ్ళు చెమటోడ్చి కొనుక్కున్న నేలరా ఇది. వేళ్ళదాకా తవ్వు, ఎవరు తగులుతారో చూద్దువుగాని!"

అప్పుడు చూశాడు ఆస్బర్న్. ఇంటి ముందు మూడు చోట్ల, మనిషి పడుకున్నంత మేర వదిలి, చుట్టూ ఎర్ర క్రోటన్లు నాటి ఉన్నాయి. డ్రైవరు అప్పటికే ఇంజను ఆపి, టోపీ తీసి కిందకి దిగిపోయాడు.

"సమాధులు సార్. మనవైపు చచ్చినవాళ్ళ చుట్టూనేగా ఇలా క్రోటన్లు నాటేది. దెయ్యాల్ని లేపే పని నావల్ల కాదు."

"అది మా అమ్మమ్మ. ఇది అమ్మ." వెర్లిన్ గొంతు తగ్గింది. "ఆ చివరిది మా ఆయన, కత్‌బర్ట్."

"బాబాయి పోయాడా!" ఆస్బర్న్ మొహం పాలిపోయింది. "నాకు ఈత నేర్పింది ఆయనే కదా టీచర్! ఆకులేంటి, అన్నీ అలా వడిలిపోయాయి?"

"వానల్లేవు. పీకడానికొచ్చినవాడివి, ఇప్పుడు పుట్టుకొచ్చిందా దయ?"

అతను తలొంచుకుని అరుగు వైపు నడిచాడు. అక్కడ కాల్చిన సీమపనస, ఉప్పుచేపతో రెండు కంచాలు, పక్కనే రమ్ము సీసా ఉన్నాయి.

"రెండో కంచం..."

"అలవాటు చావదురా."

ఆస్బర్న్ కళ్ళు తుడుచుకుని సీసా మూత తిప్పాడు. చివరి సమాధి దగ్గర మోకరిల్లి, చచ్చినవాళ్ళకి పోసే ఆనవాయితీ ప్రకారం రమ్ము వంచాడు.

"చాల్లేరా, కొంచెం పోస్తే చాలు," అంది వెర్లిన్ కంగారుగా.

"బాబాయికి పిసినారితనంగా పోస్తానా టీచర్!"

సీసా ఖాళీ అయ్యాక ఫోన్ తీశాడు. "సమాధులున్నాయి సార్. ఇక్కడ ఏ ఒక్కడూ పార ముట్టడు. రోడ్డు అటు పక్కకి జరుపుకోండి. కుదరదా? అయితే మీ ఉద్యోగం మీరే ఉంచుకోండి!" అవతలి గొంతు కాసేపు అరిచి, ఆఖరికి 'సరే' అంది.

ఆస్బర్న్‌తో పాటు బుల్‌డోజర్ మలుపు తిరిగేదాకా నిలబడి, వెర్లిన్ లోపలికొచ్చి గడియ పెట్టుకుంది. రాత్రంతా పార పట్టి మంటపుడుతున్న చేతుల్ని నీళ్ళలో ముంచింది.

మంచం కింద నుంచి కత్‌బర్ట్ అరిచాడు, "సీసా మొత్తం పోసేశాడా వెధవ?"