సున్నం గీత

ఏబెల్ గోడ దూకి కాలు నేలకు ఆనించేలోపే కుప్పయ్య కర్ర అతని పిక్క మీద పడింది. ఏబెల్ బోర్లా పడ్డాడు. పడినవాడు ఊరికే ఉండలేదు. గుప్పెడు మన్ను తీసి కుప్పయ్య కళ్లలో కొట్టాడు.

"ఆగండి," అంది నందిని మేడమ్ ఆఫీసు గది కిటికీలోంచి. "మళ్లీ ఒకసారి. ఈసారి ప్యాంటు వద్దు, లుంగీలో దూకండి."

ఏబెల్ రక్తం ఉమ్మేసి లుంగీ కోసం పోయాడు.

ఇద్దరూ చిత్తూరు అవతల ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి వాచ్‌మెన్లు. పన్నెండేళ్లుగా ఒకరు డ్యూటీ దిగితే ఒకరు ఎక్కుతారు. మారే వేళకు ఇద్దరూ ఒకే క్యారియర్‌లో తింటారు. ఏబెల్ భార్య ఎస్తేరు చేపల పులుసు పంపితే, కుప్పయ్య ఇంటినుంచి సంగటి ముద్ద వస్తుంది.

నెల కిందట మేనేజరు యోగానంద ఇద్దర్నీ పిలిచాడు.

"కాలం మారిపోతా ఉండాదప్పా. కర్ర పట్టుకోని నిలబడితే చాలే రోజులు పోయినాయి. ఒకటో తేదీ నుంచి గేటు దగ్గర ఇద్దరు అక్కర్లేదు. అందాకా బెంగళూరు నుంచి ఒక మేడమ్ వస్తాది. ఆమె చెప్పినట్టు చేయండి."

బయటికొచ్చాక ఏబెల్ బీడీ ముట్టించాడు.

"అంటే ఒకడు చాలు. అంతేగదన్నా?"

 కుప్పయ్యకు యాభై రెండు. చక్కెర ఫ్యాక్టరీ పోయాక రెండేళ్లు పని దొరక్క ఈ గేటు దగ్గర పడ్డాడు. ఇది పోతే ఇంకో గేటు లేదు. మేస్త్రీలు కూడా యాభై దాటినవాణ్ణి పిలవడం మానేశారు. ఏబెల్‌కు నలభై ఆరు. అతనికీ వేరే దారి లేదు.

మేడమ్ వచ్చిన రోజే గేటు స్తంభం మీద ఒక కెమెరా బిగింపించి, గేటు ముందు నాలుగు పక్కలా సున్నంతో గీత గీయించింది.

"ఒకరు దొంగ, ఒకరు కాపలా. తర్వాత మారండి. దొంగ ఎలా వస్తాడో, మీరెలా పట్టుకుంటారో చూపించండి. నిజంలాగే ఉండాలి. ఏం చేసినా గీత లోపలే. దాటి పోవద్దు."

ఇద్దరూ కబడ్డీ ఆడి పెరిగినవాళ్లు. గీత చూడగానే ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

మొదటిరోజు దెబ్బలు మెత్తగానే పడ్డాయి. రెండోరోజు ఏబెల్ కుప్పయ్యను నడుం పట్టి ఎత్తి గీత అవతల పడేశాడు. మేడమ్ పుస్తకంలో ఏదో రాసుకుంది. ఆ రాసుకోవడం కుప్పయ్య చూశాడు.

మూడోరోజు నుంచి కర్ర నిజంగా లేచింది.

ఎండ నెత్తిన ఉన్నప్పుడు ఒకసారి. నీడలు సాగాక ఒకసారి. తలకు తువాలు చుట్టుకుని ఒకసారి. ముసురు పట్టిన రోజు గొడుగుతో వచ్చి, గొడుగు మొనతో పొడిచి ఒకసారి. కుప్పయ్య పన్ను ఊడింది. ఏబెల్ కనుబొమ్మ చీలింది.

"గెడ్డానికి రంగేస్తే బలమొస్తాదా ముసలోడా?" అన్నాడు ఏబెల్.

"రారా, ఈతూరి నీకే రంగేస్తాను," అన్నాడు కుప్పయ్య.

క్యారియర్లు రెండయ్యాయి. ఒకరు చింతచెట్టు కింద తింటే ఒకరు లారీలు తూచే కాటా దగ్గర తిన్నారు.

ఒకరోజు ఎస్తేరు గేటు దాకా వచ్చింది.

"అన్నా, ఆయప్ప పక్కటెముకలు వాచిపోయుండాయి. రేయంతా మూలగతా ఉండాడు. చెయ్యి కొంచెం ఆపుకోని కొట్టగూడదా?"

కుప్పయ్య నోరు తెరిచి పన్ను లేని చోటు చూపించాడు. "ఈడ సూడు తల్లీ. నీ మొగుడు ఆపుకోనే కొట్టినాడా?"

ఆమె మళ్లీ రాలేదు.

"అంత గట్టిగా అక్కర్లేదండీ," అంది మేడమ్ కూడా ఓసారి. కుప్పయ్య లోపల నవ్వుకున్నాడు. మనసు మెత్తబడేవాడెవడో కనిపెడుతోందనుకున్నాడు.

ముప్పయ్యో తేదీ. ఏబెల్ దొంగ. ఇనప కమ్మీతో వచ్చాడు. మొదటి దెబ్బ కుప్పయ్య భుజం మీద పడింది. రెండోది పడనివ్వలేదు. కర్రను అడ్డం తిప్పి మోచేతి కింద కొట్టాడు. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. కమ్మీ ఎగిరి పడింది. ఏబెల్ మోకాళ్ల మీద కూలి, రెండో చెయ్యి పైకెత్తాడు.

"అన్నా..."

ఆ మాటకు కర్ర ఆగాలి. ఆగలేదు. మళ్లీ లేచింది. మళ్లీ లేచింది.

మేడమ్ పరుగెత్తుకొచ్చింది.  "చాలు! ఇంక చూపించాల్సిందేం లేదు, అయిపోయింది."

ఏబెల్‌ను ఆటోలో ఎక్కించారు. కుప్పయ్య వెంట పోలేదు. కొళాయి కింద కర్ర కడుక్కుంటూ కూర్చున్నాడు.

ఒకటో తేదీ పొద్దున కుప్పయ్య భార్య ఆనందమ్మ యూనిఫాం ఇస్త్రీ చేసి ఇచ్చింది. కుప్పయ్య ఆరింటికల్లా గేటు దగ్గరున్నాడు. అతను కూర్చునే కుర్చీ అక్కడ లేదు. యోగానంద, నందిని మేడమ్ నిలబడి ఉన్నారు.

"ఆ కర్ర, ఈల ఇచ్చేయప్పా," అన్నాడు యోగానంద.

"ఎందుకు సార్? కింద పడింది వాడు గదా. నిలబడింది నేను గదా. గెల్చింది నేను."

"గెలిచేదేంది?" యోగానంద అర్థంకాక మేడమ్ వైపు చూశాడు. "ఏమ్మా, వీళ్లకు పోటీ గీటీ అని చెప్పినావా?"

మేడమ్ తల దించుకుంది.

కుప్పయ్య కర్ర బిగించి ఒక్కడుగు ముందుకేశాడో లేదో, దొంగ ఎలా దూకుతాడో, మనిషిని మనిషి ఎలా కొడతాడో నెలంతా ఆ ఇద్దరినీ చూసి నేర్చుకున్న కెమెరా గేటు స్తంభం మీద మెడ తిప్పి, అతన్ని గుర్తుపట్టి, సైరన్ మోగించింది.