నీలి గొంతు పిట్ట

“దాన్ని గుంజకు కట్టెయ్యుండ్రి!”

గానుగ యజమాని రాజేందర్ అరిచేసరికే ఇద్దరు కూలామె రెక్కలు విరిచి పట్టుకున్నారు. నుదుటి నుంచి రక్తం కారుతోంది.

చందూర్ పొలాల్లో ఆ ఏటి మొదటి గానుగ. తొలి వంట బెల్లం మోదుగాకుల్లో ఊరందరికీ పంచడం ఆనవాయితీ. జనం ఆకులు పట్టుకుని వరుసలో నిలబడి ఉండగానే, రెండు రోజులుగా చెరుకు మోస్తున్న ఆ కొత్త కూలామె బెల్లం తొట్టిలో దోసెడు మట్టి పోసింది.

“నిరుడు పొరుగూరి నుంచొచ్చిన పాకం పట్టేటోడు హన్మండ్లు బెల్లంల విషం కలిపి ఇద్దర్ని సంపిండు. ఇయ్యేడు నువ్వు తయారైనవా?” అన్నాడు రాజేందర్.

“తొట్టి పక్కన సూడుండ్రి” అందామె, తల వంచకుండా.

రెండు చచ్చిన పిట్టలు. పిడికెడంతైనా లేవు. నీలి వీపులు.

“పిట్టలు సస్తే బెల్లంల మన్ను పోస్తరానే?” వరుసలో ఉన్న లింబయ్య నవ్వాడు.

“రెండూ ఈగలు పట్టేటియే. జాతి మాత్రం ఒక్కటి గాదు. ఒక్కదాని గొంతు మోదుగుపువ్వు రంగు. గీ బాయికాడి పొదల్లదే, ఏడాదంత ఈడనే. రెండోదాని గొంతు నీలం, రొమ్ము ఒక్కటే మోదుగు రంగు. చలికి కొండల నుంచి దిగొచ్చిన సుట్టం. నిన్ననే దిగింది. రెండూ కలిసి తిన్నయి గీ తొట్టి మీది ఈగల్నే.”

నవ్వు ఆగింది.

“గివన్ని నీకెవలు సెప్పిండ్రు?” అడిగాడు లింబయ్య.

“పాకం పట్టేటోడు.”

“అబద్ధం!” అన్నాడు రాజేందర్.

“అయితే తిను పటేలా. ముందుగాల నువ్వే తిను.”

అందరూ అతన్నే చూశారు. మట్టి తగలని పక్క నుంచి ఆకులో కాస్త బెల్లం తీసుకున్నాడు. పెదవుల దాకా తెచ్చాడు.

ఆకు జారి పడింది.

అతని భార్య సుమన వరుసలోంచి ముందుకొచ్చింది.

“ఈగలు ముసుర్తున్నయని నిరుడు తొట్టికి చెరుకుకు కొట్టే పురుగుల మందు కొట్టిండు. కడిగితే పోతదని నిన్న మళ్ల కొట్టిండు. హన్మండ్లు గాదు. సంపింది మా ఆయన. రాజేందర్!”

కూలామెను పట్టుకున్న చేతులు ఒక్కొక్కటే సడలాయి.

ఆమె వంగి రెండు పిట్టల్నీ కొంగులో కట్టుకుంది.

“గీ ముచ్చట నిరుడే సెప్తే, బిడ్డా, నా పెనిమిటి హన్మండ్లు ఉరేసుకునేటోడు గాదు.”