పెద్దమ్మను మార్చేశారు

"ఒంటి చెప్పు ఎవరు కొంటారండీ?"

మేనకోడలు సంచీని మళ్లీ ఆవిడ వైపే తోసింది.

"నేను కొన్నాను కదమ్మా," అంది ఆవిడ. "ఇందులో ఉన్నవన్నీ మీ కొట్లో కొన్నవే."

అది మామయ్య పాత సామాన్ల కొట్టు. ఆవిడ ఏళ్ల తరబడి వస్తున్న మనిషే. పేరు ఎవరూ అడగలేదు. కుండ కొనేవాళ్లు తట్టి చూసుకోవడం లోకంలో ఉన్నదే. ఈవిడ కుర్చీని కూడా తట్టి చూసేది. అందుకే కొట్లో అందరికీ టకటకమ్మ.

గంటసేపు కొట్టంతా కెలికి, చివరికి ఏ సొట్ట మూతో పట్టుకుపోయేది.

ఇప్పుడు అవన్నీ తిరిగి తెచ్చింది. తాళంచెవుల గుత్తి, తలుపు గొళ్లెం, సొట్ట మూత, కాలు ఊగే పీట, ఒంటి చెప్పు.

"డబ్బులేం వద్దు. చెల్లాచెదురు చేయకుండా ఒకచోట ఉంచండి, చాలు."

"మాది కొట్టండీ, మ్యూజియం కాదు!"

అంత విసురుగా అనాల్సిన మాట కాదు. కానీ మేనకోడలు ఆరోజు నిప్పు తొక్కినట్టే ఉంది.

ముందురోజు సాయంత్రం 'గోలకొంప' ఇరవయ్యో సీజన్ మొదలైంది. పంతొమ్మిదేళ్లుగా ఇంటిల్లిపాదీ కూర్చుని నవ్వుకునే బొమ్మల సీరియల్. ఆ కొంపను ఈదుకొచ్చేది పెద్దమ్మ.

నిన్న మాత్రం పెద్దమ్మ పెద్దమ్మలా లేదు. బొమ్మ అదే. కళ్లజోడు అదే. విసుర్లు అవే. మనిషే లేదు.

"పెద్దమ్మకు గొంతు ఇచ్చే ఆవిణ్ణి మార్చేసి, మా చెవుల్లో పూలు పెడతారా?" అని అభిమానుల గ్రూపులో రాసింది మేనకోడలు. ఎనిమిది వేలమంది అవునంటే అవునన్నారు. తెల్లారేసరికి ఆ గొంతు మనిషిని దొరకబుచ్చుకుని ఉతికి ఆరేశారు.

ఇంకా ఆరేస్తూనే ఉన్నారు. బల్ల మీద ఫోన్ గుయ్యిమంటూనే ఉంది.

"ఏంటమ్మా అంత కోపం?" అంది టకటకమ్మ.

"నిన్న గోలకొంప చూశారా?"

"లేదు. చూడబుద్ధి కాలేదు."

"మంచిపని చేశారు. పెద్దమ్మ గొంతు మార్చేశారు, దరిద్రులు!"

"గొంతు మారలేదమ్మా. ఆ అమ్మాయే చెప్పింది. పాపం, దాన్ని తిట్టకండి."

"చూడలేదన్నారుగా?"

"చూడలేదు. కానీ..."

"చూడకుండానే తీర్పు చెప్పేస్తారా? పంతొమ్మిదేళ్లుగా వింటున్నాను నేను! నాకు తెలియదా?"

ఆవిడ సంచీని కాస్త పక్కకు జరిపింది.

"పెద్దమ్మంటే నీకంత ఇష్టమా?"

"ఎనిమిదేళ్లప్పుడు మా అమ్మ పోయింది. ఆ తర్వాత నన్ను పెంచింది మామయ్య, ఆ పెద్దమ్మ. బొమ్మయితే ఏం? మామయ్య కొట్లో ఉంటే ఇంట్లో నేనొక్కదాన్నే. టీవీ పెట్టుకుని పక్కగదిలో పడుకునేదాన్ని. చూడక్కర్లేదు. పెద్దమ్మ ఇంట్లో తిరుగుతోందని తెలిస్తే చాలు, ధైర్యంగా ఉండేది. నిన్న కళ్లు మూసుకున్నా. ఇంట్లో ఎవరూ లేరు!"

టకటకమ్మ సంచీ మూతి దగ్గరగా ముడేసి బల్ల మీద పెట్టింది.

"అయితే ఇది నీ దగ్గరే ఉండనీ తల్లీ," అని మెట్లు దిగిపోయింది.

"చూశావా మామయ్యా, చెత్త అంటగట్టి పోయింది!"

"పోనీలేవే, మూలన పడేయ్. ఆవిడేం చేసింది పాపం?"

"తెలియని విషయంలో తలదూర్చింది!"

మధ్యాహ్నం ఇనుప సామాన్ల బండి వచ్చింది. పీట విరిచి, చెప్పుతో సహా సంచీ మొత్తం అందులోకి విసిరింది మేనకోడలు. చేతులు దులుపుకుంటే కాస్త కసి తీరింది.

నాలుగో రోజుకి గోలకొంప వాళ్లు దిగొచ్చారు. అభిమానుల గ్రూపులో ఉత్తరం పెట్టారు.

"మామయ్యా, కాళ్లబేరానికొచ్చారు చూడు!"

పైకి చదవడం మొదలుపెట్టింది.

"'దయచేసి మా నటిని తిట్టకండి. పెద్దమ్మ గొంతు మొదటినుంచీ ఆవిడదే. ఇప్పుడూ ఆవిడే. రాసినవాళ్లూ, గీసినవాళ్లూ మారలేదు...'"

అక్కడ ఆగిపోయింది.

మిగతాది కళ్లతోనే చదువుకుంది.

"ఏంటే?" అన్నాడు మామయ్య.

చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది.

ఇనుప సామాన్లవాడి గోదాము రెండు వీధుల అవతల. ఆమె వెళ్లేసరికి అతను ఖాళీ నేల ఊడుస్తున్నాడు.

"అన్నా, ఆరోజు నేనిచ్చిన సంచీ!"

"ఆ లోడు మొన్ననే కొలిమికి పోయిందమ్మా. చెక్క, తోలు ఇక్కడే తగలబెట్టాం."

"ఒక్కటైనా... ఆ తాళంచెవులైనా..."

"ఈపాటికి కరిగి నీళ్లయి ఉంటాయి. ఇంతకీ ఎవరిదమ్మా ఆ సంచీ?"

ఆమె ఫోన్ అతని చేతిలో పెట్టి, నేల మీద కూలబడింది.

అతను కళ్లు చికిలించి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు.

"'పంతొమ్మిదేళ్లుగా పెద్దమ్మ అడుగుల దగ్గర్నుంచి తాళాలూ తలుపులూ గిన్నెల దాకా, ఆ ఇంట్లో మీరు విన్న ప్రతి చప్పుడూ పాత సామాన్లతో తన రెండు చేతులా చేసిపెట్టిన ఒకావిణ్ణి ఈసారి తీసేసి కంప్యూటర్ చప్పుళ్లు పెట్టాం, తప్పయింది, తిరిగి రమ్మని బతిమాలితే, నా సామానంతా పెద్దమ్మంటే ప్రాణం పెట్టే ఒక పిల్లకి ఇచ్చేశాను, ఆ పిల్ల ఇస్తే రేపే వస్తానన్నారు.'"